ప్లేటు మీద నిలిచిన బాల్యం: మెనూహిన్ తొలి కచేరీలు, రికార్డులు

యెహూదీ మెనూహిన్ ఏడేళ్ల వయసులో వేదిక ఎక్కాడు. పన్నెండు నిండకముందే గ్రామఫోన్ కంపెనీకి వాయించాడు. పదహారేళ్లకు ఆంగ్ల స్వరకర్త ఎడ్వర్డ్ ఎల్గార్ వయొలిన్ కన్చెర్టోను ఎల్గార్ నిర్దేశకత్వంలోనే రికార్డు చేశాడు. ఇరవయ్యో ఏటికి, బాఖ్ ఒంటరి వయొలిన్ కోసం రాసిన ఆరు రచనలనూ ప్లేట్ల మీదకు ఎక్కించాడు. 1924 నుంచి 1936 వరకు సాగిన ఈ పన్నెండేళ్లకు పాశ్చాత్య శాస్త్రీయ సంగీత చరిత్రలోనే కాక గ్రామఫోన్ చరిత్రలోనూ ప్రత్యేక స్థానం ఉంది. బాల విద్వాంసులు అంతకుముందూ ఉన్నారు, ఆ తర్వాతా వచ్చారు. అయితే పూర్వం వారి ప్రతిభకు సాక్ష్యం విన్నవాళ్ల మాట ఒక్కటే. మెనూహిన్ పసితనంలో ఎలా వాయించాడో, ఏటేటా ఎలా ఎదిగాడో ఈనాటికీ చెవులారా వినవచ్చు.

బాల విద్వాంసుల సంప్రదాయం

చిన్న పిల్లలను కచేరీ వేదిక మీద నిలబెట్టే ఆచారం యూరప్‌లో 18వ శతాబ్దం నుంచీ ఉంది. మోజార్ట్‌ను తండ్రి ఆరేళ్ల వయసు నుంచే రాజాస్థానాల వెంట తిప్పాడు. 19వ శతాబ్దం చివరికి ఈ ఆచారం వయొలిన్ చుట్టూ గట్టిగా అల్లుకుంది. రష్యా సామ్రాజ్యంలోని యూదు కుటుంబాలకు పిల్లవాడి చేతిలో ఫిడేలు పెట్టడం పేదరికం నుంచీ, ఎక్కడ బతకాలో కూడా శాసించే ఆంక్షల నుంచీ బయటపడే దారి అయింది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో లియోపోల్డ్ ఆవర్ దగ్గర నేర్చుకున్న మీషా ఎల్మన్, యాషా హైఫెట్జ్ కుర్రతనంలోనే లోకప్రసిద్ధులయ్యారు. హైఫెట్జ్ 1917లో పదహారేళ్ల వయసులో న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో వాయించిన కచేరీ తర్వాత వయొలిన్ వాదనకు కొత్త కొలమానం ఏర్పడింది.

మెనూహిన్ తల్లిదండ్రులు మోషే, మారూతా ఆ యూదు వలస కుటుంబాలకు చెందినవారే. ఇద్దరూ హీబ్రూ బోధించి బతికినవారు. 1916 ఏప్రిల్ 22న న్యూయార్క్‌లో కొడుకు పుట్టాక, 1918లో కాపురం శాన్‌ఫ్రాన్సిస్కోకు మార్చారు. పిల్లవాణ్ణి ఇంట్లో వదిలి వెళ్లే వీలులేక, వెంటబెట్టుకునే ఆర్కెస్ట్రా కచేరీలకు వెళ్లేవారు. ఆ ఆర్కెస్ట్రాలో ముఖ్య వయొలినిస్టు లూయీ పెర్సింజర్. ఆయన ఒంటరిగా వాయించే ఘట్టం కోసం పిల్లవాడు ఎదురుచూసేవాడు. నాలుగో పుట్టినరోజుకు తనకు వయొలిన్ కావాలనీ, పెర్సింజర్ దగ్గర నేర్పించాలనీ అడిగాడు. ఇంటికి వచ్చే మిత్రుడు ఒకరు రేకుతో చేసిన బొమ్మ ఫిడేలు తెచ్చి ఇచ్చారు. అది పాడలేదని తెలిసిన క్షణమే వాడు దాన్ని నేలకేసి కొట్టి ఏడ్చాడు. ఈ సంగతి మెనూహిన్ తన ఆత్మకథలో రాసుకున్నారు. ఆ ఏడుపు తర్వాతే అసలు ఫిడేలు చేతికి వచ్చింది.

మొదట సిగ్మండ్ ఆంకర్ అనే ఉపాధ్యాయుడి దగ్గర ప్రారంభ పాఠాలు సాగాయి. తర్వాత పెర్సింజర్ శిష్యుడిగా తీసుకున్నారు. పెర్సింజర్ బెల్జియం మహావిద్వాంసుడు ఎజెన్ ఇజాయి శిష్యుడు. ఆయన పాఠం ఎక్కువగా వాయించి చూపించడం, వినిపించడం. పిల్లవాడు విన్నది విన్నట్టు పట్టుకునేవాడు. వేళ్ల కదలిక, కమాను పట్టు లాంటి విషయాల్లో విడమరచి చెప్పించుకోవలసిన అవసరమే రాలేదు. ఈ తీరులో వరం ఎంత ఉందో, తర్వాతి కాలంలో ఎదురైన కష్టానికి బీజం కూడా అంతే ఉంది.

వేదిక మీద కుర్రాడు

1924లో ఓక్లాండ్‌లో, పెర్సింజర్ పియానో వాయిస్తుండగా, మెనూహిన్ మొదటిసారి పెద్ద సభలో వాయించాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో పేరు పాకింది. ధనికుడైన న్యాయవాది సిడ్నీ ఎర్మన్ ఖర్చు భరించగా కుటుంబమంతా 1926లో యూరప్ బయలుదేరింది. బ్రస్సెల్స్‌లో ఇజాయి కుర్రాడి వాదన విని మెచ్చుకున్నారు. ఆ వెంటనే ఏ మేజర్‌లో నాలుగు స్థాయిల ఆర్పెజ్జో వాయించమన్నారు. మన సంగీతంలో అలంకారాల్లాంటి ప్రాథమిక సాధన అది. ఫ్రెంచ్ స్వరకర్త లాలో రచనను అలవోకగా వాయించిన కుర్రాడు ఆ మెట్లమీద తడబడ్డాడు. స్వరసాధన మానవద్దని ఇజాయి హెచ్చరించారు.

కుర్రాడి మనసు మాత్రం పారిస్‌లో ఉన్న రుమేనియా విద్వాంసుడు జార్జ్ ఎనెస్కు మీదే ఉంది. ఎనెస్కు స్వరకర్త, వయొలినిస్టు, పియానిస్టు, ఆర్కెస్ట్రా నిర్దేశకుడు కూడా. 1927 ఫిబ్రవరిలో పారిస్‌లో పాల్ పారే నిర్దేశకత్వంలో మెనూహిన్ కచేరీలు విజయవంతమయ్యాయి. ఆ ఏడాది వేసవిని రుమేనియాలోని సినాయాలో ఎనెస్కు దగ్గర గడిపాడు. ఎనెస్కు వేళ్ల గురించి తక్కువ, రచన గురించి ఎక్కువ చెప్పేవారు. పియానో ముందు కూర్చుని, ఒక పలుకు ఎక్కడ పుట్టి ఎక్కడ ఒరిగి ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో వాయించి చూపేవారు. తర్వాత 1929, 1930లలో బాసెల్‌లో అడాల్ఫ్ బుష్ దగ్గర జర్మన్ సంప్రదాయపు క్రమశిక్షణ నేర్చుకున్నాడు.

1927 నవంబర్ 25న కార్నెగీ హాల్‌లో జరిగిన కచేరీ అతడి పేరును లోకానికి తెలిపింది. అతడికి పదకొండేళ్లు. వాయించవలసింది బీథోవెన్ వయొలిన్ కన్చెర్టో. ఒక వాద్యాన్ని ఆర్కెస్ట్రాకు ఎదురుగా నిలిపి, ఇద్దరి మధ్య సంవాదంలా సాగే పెద్ద రచనను కన్చెర్టో అంటారు. బీథోవెన్ కన్చెర్టోలో వేగం చూపించే చోట్లు తక్కువ. నిదానం, నిండుతనం, స్వరశుద్ధి అడిగే చోట్లు ఎక్కువ. అందుకే అది పరిణతి చెందిన విద్వాంసుల సొత్తు అన్న అభిప్రాయం గట్టిగా ఉండేది. నిర్దేశకుడు ఫ్రిట్జ్ బుష్ సైతం పిల్లవాడి చేత దాన్ని వాయింపజేయడానికి మొదట ఇష్టపడలేదు. ఒకసారి విన్నాక ఒప్పుకున్నారు.

ఆ రాత్రి సభ చూసిన దృశ్యం ఒకటి ఇప్పటికీ చెప్పుకుంటారు. పొట్టి లాగు వేసుకున్న కుర్రాడు వేదిక మీదకు వచ్చి, తన వయొలిన్‌ను ఆర్కెస్ట్రా ముఖ్య వయొలినిస్టు చేతికిచ్చాడు. బిరడాలు తిప్పి శ్రుతి చేసుకునే బలం ఆ వేళ్లకు లేదు. శ్రుతి అయిన వాద్యాన్ని తీసుకుని చెక్కిలి కింద పెట్టుకున్నాడు. ఆర్కెస్ట్రా చాలాసేపు ఒంటరిగా వాయించాక, మెట్టు మెట్టుగా పైకెక్కే ఆ కష్టమైన ప్రవేశాన్ని తొణక్కుండా అందుకున్నాడు. పిల్లలు ఇలాంటి రచన వాయించలేరన్న నమ్మకంతో వచ్చిన న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు ఓలిన్ డౌన్స్, ఆ నమ్మకం వదులుకుని వెళ్లి, ఆ సంగతే రాశారు.

1929 ఏప్రిల్ 12న బెర్లిన్‌లో బ్రూనో వాల్టర్ నిర్దేశకత్వంలో ఒకే సాయంత్రం బాఖ్, బీథోవెన్, బ్రామ్స్ కన్చెర్టోలు మూడూ వాయించాడు. సభలో ఉన్న ఐన్‌స్టీన్ వచ్చి ఆలింగనం చేసుకున్నారు. స్వయంగా వయొలిన్ వాయించే ఐన్‌స్టీన్‌కు ఆ మూడు రచనల బరువు తెలుసు. అదే ఏడాది బ్యాంకరు హెన్రీ గోల్డ్‌మన్, స్ట్రాడివారి 1733లో తయారుచేసిన ‘ప్రిన్స్ ఖెవెన్‌హ్యూలర్’ వయొలిన్‌ను అతడికి కానుకగా ఇచ్చారు. నవంబర్‌లో లండన్ కూడా అతణ్ణి విన్నది.

ఈ కచేరీల మీద వచ్చిన పొగడ్తలో ఒక చిక్కు ఉంది. సభలో కూర్చున్నవాళ్లు చెవితో పాటు కంటితోనూ విన్నారు. బొద్దు బుగ్గలు, పొట్టి లాగు, చిన్న చేతులు చూసి కరిగిపోయిన మనసు వాదనలోని లోపాన్ని క్షమించి ఉండవచ్చు. ఉన్న గుణాన్ని రెట్టింపు చేసి చెప్పి ఉండవచ్చు. ఆ అనుమానాన్ని తీర్చగలిగింది రికార్డు ఒక్కటే. నల్లటి ప్లేటుకు వయసు కనపడదు.

మైనం, లక్క, నాలుగు నిమిషాలు

మెనూహిన్ అదృష్టం అతడు పుట్టిన కాలంలోనూ ఉంది. 1925కు ముందు ధ్వనిముద్రణ అంటే ఒక పెద్ద కొమ్ము ముందు నిలబడి దాని నోట్లోకి వాయించడమే. ఆ పద్ధతిలో వయొలిన్ నాదం సన్నబడిపోయేది, ఆర్కెస్ట్రా ముద్దగా వినిపించేది. 1925లో మైక్రోఫోన్‌తో విద్యుత్ ముద్రణ వచ్చింది. కమాను తీగను తాకే ఒరిపిడి, మంద్రస్థాయి గంభీరత, హాలులోని గాలి కూడా ప్లేటు మీదకు వచ్చాయి. సరిగ్గా మూడేళ్ల తర్వాత, 1928 మార్చిలో, ఓక్లాండ్‌లో విక్టర్ కంపెనీకి మెనూహిన్ తొలి ప్లేట్లు ఇచ్చాడు. పియానో పెర్సింజర్‌దే. ఫియొక్కో ‘అల్లెగ్రో’ లాంటి చిన్న చిన్న రచనలు అవి.

ఆనాటి ముద్రణ పద్ధతి తెలిస్తే ఆ ప్లేట్ల విలువ తెలుస్తుంది. మందపాటి మైనపు పళ్లెం నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంటే, సూది దాని మీద ధ్వనిని గాడిగా చెక్కేది. పన్నెండు అంగుళాల ప్లేటుకు ఒక వైపు నాలుగు, నాలుగున్నర నిమిషాలే పట్టేది. అతికించడం, కత్తిరించడం, దిద్దడం లేవు. మూడో నిమిషంలో ఒక స్వరం తప్పితే మొత్తం మళ్లీ మొదటి నుంచి వాయించాలి. చెక్కిన మైనాన్ని వెంటనే వేసి వింటే గాడి చెడిపోయేది. ఆ మైనం నుంచి లోహపు అచ్చు తీసి, ఆ అచ్చుతో ప్లేట్లు కొట్టేవారు. ప్లేట్లకు వాడే షెల్లాక్ అంటే లక్కే. దానిలో ఎక్కువ భాగం భారతదేశపు అడవుల నుంచే వెళ్లేది. తెలుగు ఇళ్లలో ‘కుక్క మార్కు ప్లేటు’ అని పిలుచుకున్నదీ ఆ లక్క పళ్లెమే.

ఈ పరిమితుల వల్ల అప్పటి వయొలిన్ రికార్డుల్లో ఎక్కువ భాగం ఒక వైపులో ఇమిడే చిట్టి రచనలు. 1920ల చివర్లో క్రైస్లర్ లాంటి పెద్దలు బీథోవెన్, బ్రామ్స్ కన్చెర్టోలను పూర్తిగా ముద్రించడంతో దారి తెరుచుకుంది. ఆ దారిలో ముందుకు సాగిన కొత్త తరానికి మెనూహిన్ ముఖ్య ప్రతినిధి. 1929లో, పదమూడేళ్లకే, బాఖ్ సీ మేజర్ సొనాటాను ఏ తోడు వాద్యమూ లేకుండా ‘కుక్క మార్కు’ కంపెనీ హెచ్‌ఎమ్‌వీకి రికార్డు చేశాడు. 1931 నవంబర్‌లో లాండన్ రొనాల్డ్ నిర్దేశకత్వంలో బ్రూఖ్ జీ మైనర్ కన్చెర్టో వచ్చింది.

ఎల్గార్ కన్చెర్టో, జూలై 1932

ఎల్గార్ వయొలిన్ కన్చెర్టో 1910 నవంబర్ 10న లండన్‌లో ఫ్రిట్జ్ క్రైస్లర్ చేతుల మీదుగా తొలిసారి వినిపించింది. రచన ఆయనకే అంకితం. దాన్ని క్రైస్లర్ చేత రికార్డు చేయించాలని హెచ్‌ఎమ్‌వీ ఏళ్ల తరబడి ప్రయత్నించినా కుదరలేదు. ఎల్గార్ వయసు డెబ్బై దాటింది. రచయిత బతికి ఉండగానే ఆ పని జరగాలని కంపెనీలోని ఫ్రెడ్ గైస్‌బర్గ్ పట్టుబట్టారు. 1902లో కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటను ముద్రించిన గైస్‌బర్గే ఈయన. క్రైస్లర్ రాకపోతే, ఏ అభిప్రాయాలూ గట్టిపడని, చెప్పింది చెప్పినట్టు గ్రహించే పదహారేళ్ల కుర్రాడు మేలని ఆయన నిర్ణయించారు. స్వరలిపి మెనూహిన్‌కు పంపారు.

రికార్డింగుకు ముందు ఎల్గార్ ఒకసారి వినడానికి హోటల్‌కు వచ్చారు. ఐవర్ న్యూటన్ పియానో మీద ఆర్కెస్ట్రా భాగం వాయించారు. వయొలిన్ ప్రవేశం నుంచి కాసేపు సాగిందో లేదో, ఎల్గార్ ఆపేశారు. ఇందులో చెప్పవలసింది ఏమీ లేదు, బాగుంటుంది అని చెప్పి గుర్రప్పందేలు చూడటానికి వెళ్లిపోయారు. పాఠం చెబుతారని గంటలకు సిద్ధపడి వచ్చిన కుర్రాడికి ఆ నమ్మకమే పాఠం అయింది.

జూలై 14, 15 తేదీల్లో లండన్ అబ్బీ రోడ్ స్టూడియోలో, లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో రికార్డింగు జరిగింది. ఆ స్టూడియోను అంతకు ఎనిమిది నెలల ముందు ప్రారంభించిందీ ఎల్గారే. యాభై నిమిషాల రచన ఆరు ప్లేట్లుగా, పన్నెండు వైపులుగా వచ్చింది. నాలుగు నిమిషాలకు ఒకసారి ఆగి, మళ్లీ అదే వేడి, అదే లయ అందుకుంటూ వాయించినా, ఆ ముక్కలన్నీ ఒక్క ఊపిరిలో సాగినట్టు వినిపించడం ఈ రికార్డు మొదటి గొప్పతనం.

మొదటి భాగంలో ఆర్కెస్ట్రా మూడు నాలుగు నిమిషాలు ఒంటరిగా సాగి, ఒక పలుకును సగంలో వదులుతుంది. ఆ సగాన్ని వయొలిన్ మంద్రస్థాయిలో అందుకుని ముగిస్తుంది. కొత్తవాడు వచ్చి మాట్లాడినట్టు ఉండకూడదు. అదే మనిషి గొంతు తగ్గించి మాట్లాడినట్టు ఉండాలి. మెనూహిన్ కమాను అక్కడ తీగ మీద బరువు వేయకుండా ఒరుగుతుంది. రెండో భాగంలో స్వరం నుంచి స్వరానికి వెళ్లే చోట సన్నని జారు వినిపిస్తుంది. మన గాత్రంలో జారు లాగే అది పలుకును గొంతుకు దగ్గర చేస్తుంది. మూడో భాగం చివర వయొలిన్ ఒంటరిగా పాత జ్ఞాపకాలను తిరిగి తలుచుకునే ఘట్టం ఉంది. సాధారణంగా అలాంటి చోట ఆర్కెస్ట్రా మౌనంగా ఉంటుంది. ఎల్గార్ మాత్రం తంత్రీవాద్యాలను వేళ్లతో మృదువుగా గీరమని రాశారు. ఆ సన్నని గలగల మీద కుర్రాడి వయొలిన్ ఎంత నెమ్మదిగా పలుకుతుందంటే, మైనం తిరిగిపోతోందన్న తొందర ఎక్కడా వినపడదు.

ఆ ఏడాది నవంబర్‌లో రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో ఎల్గార్ నిర్దేశకత్వంలోనే ఆ కన్చెర్టోను వాయించాడు. అదే సభలో అంతకుముందు థామస్ బీచమ్ నిర్దేశకత్వంలో బాఖ్, మోజార్ట్ కన్చెర్టోలు కూడా వాయించాడు. 1933 మేలో ఇద్దరూ పారిస్‌లో కచేరీ చేశారు. ఎల్గార్ అందుకోసం జీవితంలో మొదటిసారి విమానం ఎక్కారు. 1934 ఫిబ్రవరి 23న ఎల్గార్ మరణించారు. గైస్‌బర్గ్ తొందర ఎంత సరైనదో అప్పుడు అందరికీ తెలిసింది.

ఎనెస్కు నీడలో, బాఖ్ వెలుగులో

ఎల్గార్ రికార్డుకు నెల ముందు, 1932 జూన్‌లో, పారిస్‌లో గురుశిష్యులు ఇద్దరూ కలిసి బాఖ్ రెండు వయొలిన్ల కన్చెర్టోను రికార్డు చేశారు. నిర్దేశకుడు పియేర్ మాంటో. రెండు వాద్యాలు ఒకే పలుకును ఒకదాని వెంట ఒకటి అందుకునే రచన అది. ఎనెస్కు నాదం ముదురు, మెనూహిన్ నాదం లేత. నెమ్మది భాగంలో ఎవరు ఎవరికి దారి ఇస్తున్నారో గమనిస్తూ వింటే, మాటల్లో చెప్పని గురుకులం అంతా అందులో వినిపిస్తుంది. 1933లో షోసోన్ ‘పొయెమ్’, లాలో రచన ఎనెస్కు నిర్దేశకత్వంలో వచ్చాయి. అదే ఏడాది పదమూడేళ్ల చెల్లెలు హెఫ్జిబా పియానోతో మోజార్ట్ సొనాటా వచ్చింది. అన్నాచెల్లెళ్ల జోడీ ఆ తర్వాత దశాబ్దాలు సాగింది.

ఈ కాలానికి శిఖరం బాఖ్. ఒంటరి వయొలిన్ కోసం బాఖ్ రాసిన మూడు సొనాటాలు, మూడు పార్తీతాల స్వదస్తూరి ప్రతి మీద 1720 అని ఉంది. చాలాకాలం వాటిని చాలామంది సాధన పాఠాలుగానే చూశారు. 1934 నుంచి 1936 మధ్య మెనూహిన్ ఆరింటినీ పూర్తిగా రికార్డు చేశాడు. ఆరూ కలిపి ఒకే విద్వాంసుడి చేతిలో వెలువడటం అదే మొదలు. రెండో పార్తీతాలోని ‘చకోన్’ పావుగంట సాగుతుంది. ఒక చిన్న అడుగు స్వరవరుస మళ్లీ మళ్లీ తిరుగుతూ ఉంటే, దాని మీద నాలుగు తీగలే ఒక గుడి కడతాయి. మెనూహిన్ దాన్ని లెక్కలా కాక ప్రార్థనలా వాయించాడు. ఈనాటి విద్వాంసులు బాఖ్‌ను ఇంతకంటే తేలికగా, తక్కువ కంపితంతో వాయిస్తారు. శైలి మారినా ఆ ప్లేట్లలోని నిష్ఠ పాతబడలేదు.

1935లో ప్రపంచ యాత్ర చేసి, 1936లో మెనూహిన్ కచేరీలు ఆపి కాలిఫోర్నియాలో ఏడాదికి పైగా విశ్రాంతి తీసుకున్నాడు. బాల్యం అక్కడ ముగిసింది. సహజంగా వచ్చినదాన్ని ఆలోచించి మళ్లీ నేర్చుకోవలసిన రోజులు తర్వాత వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధకాలపు అలసట కూడా తోడై, 1950ల నాటికి కమాను చేతిలో పూర్వపు నిలకడ అన్నివేళలా కనపడలేదు. ఇజాయి హెచ్చరిక అప్పుడు అర్థమైందని మెనూహినే ఒప్పుకున్నారు. అందువల్ల కూడా తొలి రికార్డులకు విలువ పెరిగింది.

పెర్సింజర్ పేరు, శాన్‌ఫ్రాన్సిస్కో పేరు మెనూహిన్‌తోనే ఆగలేదు. పెర్సింజర్ మరో శిష్యుడు రుజేరో రిచీ 1928లో పదేళ్ల వయసులో అక్కడే వేదిక ఎక్కాడు. ఐజాక్ స్టెర్న్ ఆ ఊళ్లోనే పెరిగాడు. కుర్ర ఫిడేలు విద్వాంసుల ఊరుగా శాన్‌ఫ్రాన్సిస్కో ఒక తరం పాటు వెలిగింది.

మద్రాసులో ఒక సాయంత్రం

1952లో నెహ్రూ ఆహ్వానంపై మెనూహిన్ భారతదేశం వచ్చి, కరువు సహాయనిధి కోసం కచేరీలు చేశారు. బొంబాయిలో బి.కె.ఎస్. అయ్యంగార్ దగ్గర యోగాభ్యాసం మొదలుపెట్టారు. మద్రాసులో హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి పి.వి. రాజమన్నార్ ఇంట్లో ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్ విన్నారు. నాయుడుగారు 1919 నుంచి విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులు, 1936 నుంచి ప్రిన్సిపాల్. పక్కవాద్యంగా ఉన్న వయొలిన్‌ను సోలో కచేరీ వాద్యంగా నిలబెట్టినవారిలో ముఖ్యులు. నేల మీద కూర్చుని, వయొలిన్ తలను పాదం మీద ఆనించి, ఎడమచేతిని తీగల మీద స్వేచ్ఛగా జార్చే ఆ పద్ధతి మెనూహిన్‌కు కొత్త. నాదం మాత్రం కొత్త కాదు. యూరప్ నుంచి వచ్చిన వాద్యం ఇక్కడ గమకం నేర్చుకుని పూర్తిగా మన గొంతుగా మారిందని ఆయన ఆ సాయంత్రం విన్నారు, ఎంతో మెచ్చుకున్నారు. భారతీయ సంగీతంతో ఆ పరిచయం తర్వాతా సాగింది; సితార్ విద్వాంసుడు రవిశంకర్‌తో కలిసి చేసి, 1967లో వెలువడిన ‘వెస్ట్ మీట్స్ ఈస్ట్’ రికార్డుకు గ్రామీ పురస్కారం వచ్చింది.

మెనూహిన్ 1999 మార్చి 12న బెర్లిన్‌లో మరణించారు. హెచ్‌ఎమ్‌వీ, తర్వాత ఈఎమ్‌ఐతో ఆయన అనుబంధం దాదాపు ఏడు దశాబ్దాలు సాగింది. 78 ప్లేట్ల నుంచి ఎల్‌పీకి, సీడీకి, ఇప్పుడు ఇంటర్నెట్‌కు మారుతూ ఎల్గార్ కన్చెర్టో, బాఖ్ రచనలు ఈనాటికీ దొరుకుతున్నాయి. పాశ్చాత్య సంగీతం పరిచయం లేని తెలుగు శ్రోత ఎల్గార్ కన్చెర్టో రెండో భాగంతో మొదలుపెట్టవచ్చు. వాయించినవాడి వయసు ముందుగా తెలుసుకోకుండా వింటే ఇంకా మంచిది.